రెండు షిఫ్టుల సినిమా కబుర్లు

కౌసల్యకు పాత కంప్యూటర్లంటే పిచ్చి. మదనపల్లెలో ఆమె ఇంటికి వెళ్లినవాళ్లకు కూర్చోవడానికి ఖాళీ కుర్చీ దొరకడం కష్టం గానీ కీబోర్డులు కావాలంటే నాలుగు దొరుకుతాయి. మంచం కింద వీపు ఉబ్బిన పాత మానిటరు ఒకటుంది. దాన్ని తీసేయమని భర్త అరుణ్ కుమార్ పదేళ్లుగా మొత్తుకుంటున్నాడు, ఆమె పదేళ్లుగా అలాగేనంటోంది. వారమంతా పక్కనున్న అంగళ్లు ఊళ్లో కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం వస్తే చాలు, ఫోనులో పాత సినిమా పాటలు పెట్టుకుని, ముందర ఏదో ఒక పెట్టె విప్పుకుని కూర్చుంటుంది. మిక్సీ చెడిపోతే మాత్రం బజారుకు పంపుతుందని అరుణ్ కుమార్ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంటాడు.

ఆ పిచ్చి వెనకాల ఇంకొకటి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఒకే ఒక్క ఫైలు కోసం వెతుకుతోంది.

ఒక గురువారం కుప్పం నుంచి మునికృష్ణ ఫోన్ చేశాడు. ఆమెకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. అప్పట్లో మదనపల్లె బస్టాండు దగ్గర డీటీపీ సెంటరు నడిపి, తర్వాత కుప్పం వెళ్లిపోయాడు. షాపు మూసేస్తున్నానని, అటక దులిపితే, ఎప్పుడో అమ్మేశాననుకున్న ఆ కాలపు సిస్టం బయటపడిందని చెప్పాడు. పాత సామాను అంటే నీకు ఇష్టం కదమ్మా, కావాలంటే వచ్చి తీసుకుపో అన్నాడు. కౌసల్య ఆ పూటే శనివారానికి సెలవు పెట్టింది.

ఆ కాలంలో మునికృష్ణ సెంటరులో కంప్యూటరు ఒక్కటే, ఆపరేటర్లు ఇద్దరు. పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా కౌసల్య. రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా రేఖ. ఇద్దరూ ఎదురుపడేది రెండు గంటలకు, పది నిమిషాలు. అదీ యజమాని కళ్లెదుట, పెళ్లిపత్రికల తప్పులొప్పుల గురించే. కానీ వాళ్లిద్దరిలా ప్రాణస్నేహితులు మదనపల్లె మొత్తంలో లేరంటే నమ్మండి. ఆ స్నేహమంతా ‘నమూనా ఏడు’ అనే ఫైలులో ఉండేది. పెళ్లిపత్రిక నమూనాల మధ్య దాచిపెట్టిన ఆ ఫైలును మునికృష్ణ ఏనాడూ తెరిచి చూడలేదు.

అందులో ఉండేదల్లా సినిమా కబుర్లు. శుక్రవారం కొత్త బొమ్మ పడితే శనివారం పొద్దున కౌసల్య నాలుగు వరుసలు కొట్టేది. మధ్యాహ్నం రేఖ దాని కింద జవాబు కొట్టేది. మర్నాడు కౌసల్య కుర్చీలో కూర్చుంటూనే, పనికి ముందు, దేవుడి పటానికి దండం పెట్టుకోవడానికి కూడా ముందు, ఆ ఫైలు తెరిచేది. కౌసల్య చీరల గురించి, జిమికీల గురించి, హీరోయిన్ జడ గురించి రాసేది. రేఖ రాసే తీరు వేరు. ఫలానా తలుపు కిర్రుమన్నప్పుడు ఒళ్లు జలదరించిందనీ, కొడుకు చచ్చిపోయాడని తెలిశాక తల్లి మూడు ఊపిర్లు తీసుకునిగానీ ఏడవలేదనీ, రెండో పాటకు ఈలలు ఎన్ని పడ్డాయనీ రాసేది. అంత శ్రద్ధగా సినిమా చూసే మనిషి ఇంకొకరుండరని కౌసల్య మురిసిపోయేది.

ఒక్కసారే పెద్ద తగువు పడింది. ఒక వాన పాటలో హీరో చొక్కా తెల్లదని రేఖ రాసింది. పచ్చదని కౌసల్య, నీ కళ్లు ఎక్కడ పెట్టుకున్నావని ఎత్తిపొడుస్తూ నాలుగు రోజులు వాయించింది. చివరికి రేఖ, రంగు సంగతి వదిలెయ్యి, రేకుల మీద పడిన ఆ వాన చప్పుడు పాటకంటే బాగుందా లేదా చెప్పు అని రాసి తగువు తెంచేసింది. కౌసల్య మళ్లీ ఆ సినిమాకు వెళ్లి, ఈసారి కళ్లు మూసుకుని ఆ వాన విన్నది. నిజమే, బాగుంది.

2003లో కౌసల్యకు అంగళ్లు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. సెంటరు మానేసే ముందు ఆదివారం ఇద్దరూ కలిసి మ్యాట్నీకి వెళ్లాలని ఆ ఫైలులోనే ఒప్పందమైంది. రేఖ ఇల్లు హాలు వెనక సందులోనే. కౌసల్య క్యూలో మోచెయ్యి గీసుకుపోయేలా తోసుకుని రెండు టికెట్లు తీసింది. గేటు దగ్గర నిలబడింది. బెల్లు కొట్టారు. లోపల మొదటి పాట కూడా అయిపోయింది. రేఖ రాలేదు. తలుపు దగ్గర టికెట్లు చింపే మనిషి జాలిగా చూడటంతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ రెండు టికెట్లూ అక్కడే ముక్కలు చేసి ఇంటికి వచ్చేసింది.

సోమవారం ఆమెకు అక్కడ ఆఖరి రోజు. ఆ ఫైలు తెరిచి ఇలా కొట్టింది: ‘నన్ను అందరి ముందర నవ్వులపాలు చేసినావు. ఇంగ నువ్వెవరో నేనెవరో.’ రెండు గంటలకు రేఖ వచ్చేలోపే బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది.

కోపం దిగడానికి రెండు నెలలు పట్టింది. రేఖ ఏమైనా జవాబు కొట్టిందేమో చూద్దామని వెళితే సెంటరుకు తాళం వేసి ఉంది. మునికృష్ణ సామానుతో సహా కుప్పం వెళ్లిపోయాడు. అప్పుడైనా సందులోకి వెళ్లి ఆ పిల్లనే అడిగి ఉండొచ్చు. తప్పు చేసింది తను కదా, తనే రావాలి అనుకుంది. పట్టుదలలో కౌసల్య రాతిముద్ద. అందుకు ఆమె కట్టిన మూల్యం చిన్నది కాదు, అలాంటి స్నేహం మళ్లీ ఆమెకు దొరకలేదు.

రేఖను పుంగనూరులో ఇచ్చారు. ఇప్పుడు అక్కడ బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకుంది. బస్సు అటు పోయినప్పుడల్లా కౌసల్య ముఖం తిప్పుకునేది. మూడేళ్ల కిందట ఒక పెళ్లిలో ఎదురుపడితే రేఖ కుర్చీలోంచి సగం లేచింది. కౌసల్య చెయ్యి కడుక్కునే వంకతో అవతలికి వెళ్లిపోయింది. ఆ సగం లేచిన మనిషి ఆమెకు చాలా రాత్రులు గుర్తొచ్చింది.

కుప్పంలో మునికృష్ణ బాగా ముసలివాడై కనిపించాడు. పాత డిస్కును కొత్త సిస్టానికి తగిలించి సిద్ధంగా ఉంచాడు. వెతగ్గా వెతగ్గా నమూనా ఏడు దొరికింది. కౌసల్య తెరిచింది. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు, నక్షత్రాలు. తెలుగు ఒక్క ముక్క లేదు.

ఆమెకు విషయం వెంటనే అర్థమైంది. ఆ కాలపు తెలుగంతా వేషమే. కొట్టేది ఇంగ్లీషు మీటలు, ఫాంటు వాటికి తెలుగు తొడుగు తొడిగి చూపించేది. తొడుగు పోతే మీటలే మిగులుతాయి. ఆ ఫాంటు ఎవరో మునికృష్ణకు ఫ్లాపీలో కాపీ చేసి ఇచ్చింది, దానికి పేరూ ఊరూ లేదు. నెట్‌లో ఉన్న మార్పిడి సాధనాలన్నీ ప్రయత్నించి చూసింది. గజిబిజి ఇంకో రకం గజిబిజి అయింది, అంతే.

“యాల తల్లీ అంత ఇదైపోతాండావు? అవి పాత పెండ్లిపత్రికలే కదా” అన్నాడు మునికృష్ణ.

కౌసల్య ఫైలు చివరికి వెళ్లింది. చివరి పేజీ మొదట్లో ఉన్నవి ఆఖరి రోజు కొత్త పేజీ తీసి తను కొట్టిన మాటలేనని ఆమెకు తెలుసు. వాటి కింద ఇంకా పదిహేను వరుసలున్నాయి. అంటే రేఖ జవాబు కొట్టింది. కొట్టిందని తెలిసీ చదవలేకపోవడం, అసలు లేకపోవడం కంటే అన్యాయంగా అనిపించింది. ఫైలును ఫోనులోకి ఎక్కించుకుని, మునికృష్ణ కాళ్లకు దండం పెట్టి, మదనపల్లె బస్సు ఎక్కింది.

వి.కోట దాటేదాకా ఫోను తెరవలేదు. తర్వాత మనసు ఊరుకోలేదు. చివరి పేజీ తీసి ఊరికే ఆ అక్షరాలను చూస్తూ కూర్చుంది. ఫోను ముందు సీటుకు ఆనించి ఉంది, ఒడిలో బ్యాగు మీద చేతులున్నాయి. మొదటి అక్షరం చూడగానే ఎడమచేతి చిటికెన వేలు తనంతట తానే కదిలింది. రెండో అక్షరానికి కుడిచేతి చూపుడు వేలు. కౌసల్య ఉలిక్కిపడింది. వేళ్లను ఆపలేదు, కొట్టనిచ్చింది. కొడుతుంటే నోటికి వచ్చింది: నన్ను. అందరి. ముందర.

ఐదేళ్లు రోజుకు ఆరు గంటలు ఆ మీటల మీద బతికిన వేళ్లు అవి. ఏ మీటకు ఏ అక్షరమో ఇప్పుడు అడిగితే ఆమె చెప్పలేదు. వేళ్లు మాత్రం మరిచిపోలేదు.

గంగవరంలో ఎక్కి పక్కన కూర్చున్న తిమ్మక్క అనే ముసలామె కాసేపు చూసి చూసి ఉండబట్టలేకపోయింది. చేతి ఏళ్లు వణకతాండాయి, వాతమా అని అడిగింది. లేదవ్వా చదువుకుంటాండానని కౌసల్య చెప్పింది. ఏళ్లతోనా అని ఆమె కాస్త అవతలికి జరిగి కూర్చుంది.

కౌసల్య తన వరుస దాటి, రేఖ వరుసల్లోకి దిగింది. మాట మాటా కూడబలుక్కుంటూ, తప్పుపోతే వెనక్కి వచ్చి మళ్లీ కొడుతూ చదివింది.

‘కౌసల్యా, నేనొచ్చినా. హాలుకు ఎదురుగా సోడాబండి కాడ నిలబడుకోనుంటి. నువ్వు కనకాంబరం రంగు చీర కట్టుకోని, చేతిలో రెండు టికెట్లు పెట్టుకోని ఉండావు. రోడ్డు దాటల్లంటే నాకు కాళ్లు రాలేదు. నేను ఇంతవరకు హాల్లో ఒక్క సినిమా గూడా సూళ్లేదు. మా నాయనకు గిట్టదు. మా వంటింటి గోడా హాలు గోడా ఒగటే. అంట్లు తోముతా అన్నీ విన్నా. విన్నదానికి బొమ్మలు నేనే కట్టుకోని నీకు రాసినా. నీ పక్కన కూసుంటే నా అబద్ధం బయట పడతాదని భయపడినా. నువ్వు టికెట్లు సించేసి ఎలబారినాక గూడా నేను ఆడే ఉండా. వచ్చే ఆదివారం నాయన తంబళ్లపల్లెకు పోతాడు. అదే సోడాబండి కాడ ఉంటా. కోపం పోతే రా. లోపల ఎట్లుంటాదో నువ్వే నాకు సూపీయల్ల.’

కౌసల్యకు కళ్లు మసకలయ్యాయి. తుడుచుకుని కిందికి చూసింది. ఇంకో రెండు వరుసలున్నాయి, తర్వాత ఎప్పుడో కొట్టినవి.

‘నువ్వు రాలేదు. పోనీలే. ఆ పొద్దు సినిమా బాగుండాది. ఇంటికొచ్చి గోడ కాడి నించే విన్నా.’

చొక్కా రంగు తప్పని నాలుగు రోజులు వాయించిన సంగతి గుర్తొచ్చి కౌసల్యకు తన మీద తనకే అసహ్యం వేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది. తిమ్మక్క మళ్లీ ఇవతలికి జరిగి, ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఏడుపు తగ్గాక కౌసల్య ఫోనులో ఇంకేదో వెతికింది. ఆమె ఆ పని ముగించేసరికి బస్సు పుంగనూరు బస్టాండులోకి తిరిగింది.

టికెట్టు మదనపల్లెకు కదమ్మా అని కండక్టరు అరుస్తున్నా వినకుండా దిగేసింది.

షాపులో రేఖ ఒక్కతే ఉంది. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. ఎవరిదో దరఖాస్తు కొడుతోంది. తలెత్తి చూసింది. ఈసారి కుర్చీలోంచి లేవలేదు, ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. ఒకసారి లేచి అవమానపడిన మనిషి మరి.

“నమూనా ఏడు ఈ పొద్దు సదివినా” అంది కౌసల్య.

మీటల మీద రేఖ వేళ్లు ఆగిపోయాయి. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది, పెట్టుకోకుండా బల్ల మీద ఉంచింది.

“సదివి గూడా రాలేదనుకుంటి” అంది చివరికి.

మానేసిన రోజు నుంచి కుప్పం దాకా జరిగిందంతా కౌసల్య నిలబడే చెప్పింది. తన తప్పు ఒక్కటీ దాచుకోలేదు. చెప్పడం అయ్యాక ఫోను తీసి బల్ల మీద పెట్టింది. రేపటి మ్యాట్నీకి, మదనపల్లెలో, పక్కపక్క సీట్లు రెండు. బస్సులోనే తీసింది.

“ఇన్నేండ్లలో సూసే ఉంటావులే” అంది భయం భయంగా.

“టీవీలో శానా సూసినా. హాలుకు పోదాం రమ్మని మా ఇంటాయన గూడా పిల్చినాడు. నేనే పోలేదు” అంది రేఖ. “నువ్వు సూపిస్తావని రాసి పెట్టుకుంటి కదా.”

రేఖ లేచి, స్టూలు లాగి కౌసల్యను కూర్చోబెట్టి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. తర్వాత, ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న ప్రశ్న ఒకటి మెల్లగా బయటికి తీసింది.

“ఒగ మాట సెప్పు. ఆ వాన పాటలో సొక్కా నిజంగానే పచ్చదా?”

కౌసల్య కళ్లు మూసుకుంది. ఆ పాట కోసం ఎంత వెతికినా హీరో కనిపించలేదు, హీరోయిన్ కనిపించలేదు, చొక్కా అసలే కనిపించలేదు.

“గుర్తు లేదు రేఖా” అంది. “రేకుల మీద వాన సప్పుడు ఒగటే గుర్తుండాది.”