ఆకుపచ్చ వైరు

ధనశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: పిల్ల ఏడ్చినప్పుడు తనకి వినబడకపోవడం.

మిగతా భయాలు చాలానే ఉన్నాయి గానీ, అవన్నీ దీని వెనకాల వరసలో నిలబడాల్సిందే. అందుకే గ్రైండరులో పప్పు నలుగుతుంటే రెండు నిమిషాలకోసారి స్విచ్ ఆపుతుంది. ఊపిరి బిగబట్టి గదిలోని ఊయల వైపు చెవి పెడుతుంది. ఏడాదిన్నర పిల్ల. లోవ తలుపులమ్మకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరే పెట్టి, ఇంట్లో మాత్రం 'తల్లీ' అని పిలుచుకుంటారు. తల్లి పడుకునే ఉందని రూఢి చేసుకున్నాకే మళ్ళీ స్విచ్ వేస్తుంది.

"అన్నిసార్లు ఆపితే పప్పేటి నలుగుతాదే?" అంటుంది అత్త మరిడమ్మ. "పైగా పీటోటి. గ్రైండరు కాడ పీటెక్కి నిలబడ్డ మహారాణిని నిన్నే సూసేను."

పీట ఎందుకంటే, ఆ గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమంటుంది. చెయ్యి తడిగా ఉందంటే ఆ జిల్లు మోచేతిదాకా పాకుతుంది. పెళ్ళయిన మూడో నెలలోనే ఈ మాట మొగుడితో చెప్పింది. కిరణ్‌ది సౌండు పని. ఫంక్షన్లకి స్పీకర్లూ లైట్లూ కడతాడు, డీజే కూడా తనే. కరెంటు సంగతి అతనికంటే ఎవరికి తెలుస్తుంది? బయటినుంచి వచ్చినవాడు వచ్చినట్టే, కాళ్ళకి చెప్పులతో, పొడి చేత్తో గ్రైండరు మీద రెండు దెబ్బలు వేసి, "ఏదీ? ఏటీ లేదు. అంతా నీ బయవే" అన్నాడు. ఆ రోజునుంచి ఆమెకి ఇంట్లో భయస్తురాలన్న పేరే ఖాయమైపోయింది. గ్యాస్ వాసన వచ్చినట్టుందన్నా, పిల్ల ఒళ్ళు వెచ్చబడిందన్నా, మాట పూర్తి కాకముందే "మొదలెట్టింది" అనేవారు. మేనత్త ఇల్లే కదా, పరాయి కొంప కాదు కదా అని, ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో, ఫిజిక్సు రికార్డు పుస్తకంలో బొమ్మలు సగం గీసి ఉండగానే ఆమెని ఇక్కడికి పంపేశారు. ఆ సగం పుస్తకం ఇప్పటికీ బియ్యం డబ్బా వెనకాల ఉంది. ఎందుకు దాచిందో ఆమెకీ తెలియదు.

ఈమధ్యే గవరపాలెంలోని ఈ ఇంట్లోకి ఒక డీజే సెట్టు వచ్చింది. రాంబిల్లి దగ్గర సముద్రం ఒడ్డున కొత్తగా రిసార్టు పెట్టినవాళ్ళు శనివారం సాయంత్రాలు డీజే కావాలన్నారు. బటన్లు నొక్కేవాళ్ళు వద్దట, రికార్డులు చేత్తో తిప్పేవాళ్ళు కావాలట. ఈ శనివారమే ట్రయలు. పని మానేసిన వైజాగ్ డీజే ఒకడి దగ్గర కిరణ్ రికార్డు పెట్టి తిప్పే పళ్ళేలున్న రెండు టర్న్‌టేబుళ్ళు, వాటి చప్పుళ్ళు కలిపే ఒక మిక్సరు, అరచేతంత నల్ల డబ్బా, రెండు రికార్డులు తెచ్చాడు. తెచ్చినప్పటినుంచీ అతనూ, అతని జోడీదారు తారక్కూ హాల్లో వాటితో కుస్తీ పడుతున్నారు. స్పీకరులో గుయ్‌మని ఒకటే రొద. లాప్‌టాప్ తెర మీద రెండు గుండ్రాలు గాజుల్లా నిలబడాలట. అవేమో పెనం కాగకముందు పోసిన మొదటి దోసెల్లా వంకరలు పోతున్నాయి. పాట నాలుగడుగులు నడుస్తుంది, కుంటుతుంది, ఆగిపోతుంది. ధనశ్రీ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి మెడ సాచి చూసేది. "చెయ్యి పెట్టకు, సూది పోద్ది" అనేవాడు కిరణ్. "సెల్లెమ్మా, ఇంకో టీ" అనేవాడు తారక్.

గురువారం పొద్దున్నకి కిరణ్ విసిగిపోయాడు.

"ఆ వైజాగోడు ఎనక్కి తీసుకుంటానన్నాడు. అయిదింటికి ఆటో తీసుకొస్తాను. గుడ్డ కప్పి ఉంచు. ముట్టుకోకు" అని చెప్పి, తారక్‌తో వ్యానులో కె. కోటపాడు ఫంక్షనుకి వెళ్ళిపోయాడు.

ముట్టుకోకు! ధనశ్రీ అప్పటికే తొమ్మిది మధ్యాహ్నాలుగా ముట్టుకుంటూనే ఉంది. మగవాళ్ళు పనికి పోయి, అత్తా పిల్లా పడుకున్నాక, అంట్లు బోర్లించి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని, గుడ్డ తీసేది. సూదిని రికార్డు మీద ఆన్చి వేలితో మెల్లగా తిప్పి, చెవి దగ్గరగా పెడితే చీమ పాడినట్టు సన్నటి కూత. అందులో పాట లేదు! ఆ సంగతి తెలిసిన రోజు ఆమెకి నవ్వాగలేదు. పాటలన్నీ లాప్‌టాప్‌లోనే ఉంటాయి. రికార్డులో ఉన్నది వట్టి కూత. సూది ఆ కూతని పట్టుకుంటుంది, నల్ల డబ్బా దాన్ని లాప్‌టాప్‌కి అందిస్తుంది, చెయ్యి ఎంత వేగంగా తిప్పితే అంత వేగంగా, వెనక్కి తిప్పితే వెనక్కి, లాప్‌టాప్‌లో పాట నడుస్తుంది. వినేవాళ్ళంతా లాప్‌టాప్ పాడిందనుకుంటారు, కానీ ఈ పళ్ళెం ఆగిందా, పాటా ఆగుతుంది. ఇలాంటి మనిషిని ఎక్కడో చూశానే అనుకుంది ధనశ్రీ. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి అప్పటికి లేచిపోయింది.

ఇప్పుడు గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. అయిదింటికి ఇది వెళ్ళిపోతుంది. మళ్ళీ గ్రైండరే, పీటే.

గుడ్డ లాగేసింది.

ఈ తొమ్మిది రోజులూ ఫోనులో డీజేల వీడియోలు వెతికి చూసింది. వీడియోలు ఆమె ఎప్పుడూ చప్పుడు పూర్తిగా తగ్గించే చూస్తుంది, పిల్ల ఏడిస్తే వినబడాలి కదా. చప్పుడు లేకపోబట్టే కళ్ళు పనిచేశాయేమో. ఏ వీడియోలో చూసినా టర్న్‌టేబుల్ వెనకనుంచి సన్నటి పీలిక వైరొకటి వచ్చి మిక్సరు వెనక మర కింద బిగిసి ఉంది. తమ సెట్టు తిప్పి చూసింది. రెండింటికీ ఆ వైరు కోసేసి, టేపు చుట్టి ఉంది. తారక్ మాట గుర్తొచ్చింది: "ఇది ఎక్స్‌ట్రా మామా. ఎర్తుంటేనే గుయ్‌మంటాది. కోసెయ్." వాళ్ళ పనిలో అదొక శాసనం. పందిట్లో స్పీకరు గుయ్‌మంటే ముందు ఎర్తు కోస్తారు, తర్వాత ఆలోచిస్తారు.

టేపు ఊడదీసి, కూరల చాకుతో రాగి తీగ బయటికొచ్చేదాకా గీకి, రెండు వైర్లూ మర కింద పెట్టి బిగించింది. ప్లగ్గులు పెట్టి, స్విచ్ వేసింది. రొద సగానికి సగం తగ్గిపోయింది! గుండ్రాలు గుండ్రాలయ్యాయి. కానీ బెల్లం పాకం మీద బుడగల్లా సన్నగా వణుకుతూనే ఉన్నాయి. ఎందుకు వణుకుతున్నాయబ్బా అని మిక్సరు ఇనప అంచు మీద చెయ్యి వేసింది. పాలసీసా కడిగిన తడి ఇంకా ఆరలేదు.

జిల్లు.

చటుక్కున చెయ్యి తీసేసింది. తీసేసి, నవ్వింది. ఈ జిల్లు తనకి తెలుసు! మూడేళ్ళనుంచి రోజూ పలకరించే జిల్లు. వంటింట్లో గ్రైండరు ప్లగ్గుకి వైరు వెళ్ళేది ఈ హాలు బోర్డులోంచే. చెయ్యి పూర్తిగా తుడుచుకుని, అదే బోర్డులో పెట్టిన లాప్‌టాప్ ఛార్జరు పీకింది. గుండ్రాలు రెండూ పెళ్ళికూతురి గాజుల్లా నిలబడిపోయాయి. మళ్ళీ పెట్టింది, వణుకు. పీకింది, గాజులు. అక్కడా ఇక్కడా ఒకటే జిల్లు, ఒకటే బోర్డు. తప్పు సెట్టుదీ కాదు, తనదీ కాదు. గోడలో ఉంది.

మెయిను ఆపేసింది. ఆపిందో లేదో మూడుసార్లు చూసింది. టెస్టరు పెట్టి ప్రతి కన్నంలోనూ మూడేసిసార్లు చూసింది. ధైర్యవంతులు ఒక్కసారే చూస్తారు, భయస్తులే మూడుసార్లు చూస్తారు. బోర్డు మరలు తిప్పుతుంటే ఫ్యాను ఆగిపోయి మరిడమ్మ లేచి వచ్చింది, చంకలో తల్లి.

"ఓలమ్మ! ఏటే ఆ పని? సచ్చిపోతావే! ఆడికి తెలిస్తే—"

"మెయిను ఆపేను అత్తా. అక్కడే నిలబడు. పిల్లని దింపకు."

బోర్డు మూత చేతిలోకి వచ్చేసింది. లోపల ఎర్ర వైర్లు, నల్ల వైర్లు. ఆ వెనకాల ఒక ఆకుపచ్చ వైరు. శుభ్రంగా కోసి, టేపు చుట్టి, కనబడకుండా లోపలికి మడిచేసి ఉంది. ఆ టేపు చుట్టిన తీరు ఆమెకి తెలుసు. రెండు చుట్లు, చివర చిన్న ముడత. కిరణ్ ప్రతి వైరుకీ అలాగే చుడతాడు.

ఒక్క నిమిషం ఆమెకి ఏమీ వినబడలేదు. వీధిలో చెరుకు ట్రాక్టరు హారన్ గానీ, పిల్ల గునుపు గానీ. నీ బయవే అన్నాడు. నిద్ర చాలకన్నాడు. డాక్టరుకి చూపిద్దామని కూడా అన్నాడొకసారి. గోడలో తను కోసి మడిచిన వైరు, తన పెళ్ళాం చేతుల్లోంచి మూడేళ్ళు అరుస్తూనే ఉంది.

"అదేటే?" అంది మరిడమ్మ.

"ఎర్తు వైరు అత్తా. ఇది లేకే గ్రైండరు కొడతన్నాది."

మరిడమ్మ ఆ వైరు కేసి వంగి చూసింది. పిల్లని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది.

"నాకూ కొట్టేదే" అంది చివరికి. "కొంగు సుట్టుకుని ముట్టుకునేదాన్ని. వయసు మీద పడి నరాలు లాగుతన్నాయేమో అనుకున్నాను. ఎవులికి సెప్పుకుంటాను?"

"మరి నన్నెందుకత్తా అన్ని మాటలన్నావు?"

"నీకు కొడతాదని ఒప్పుకుంటే, నాకూ కొట్టినట్టే గదే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. తల్లి కూడా చప్పట్లు కొట్టింది.

వైరు కలిపి, టేపు చుట్టి, మూత బిగించి, మెయిను వేసింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. తడి చెయ్యి. ఉత్త కాళ్ళు. పీట కాలితో పక్కకి నెట్టేసింది. టెస్టరు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పెట్టి చూసి, అప్పుడు గ్రైండరు మీద అరచెయ్యి ఆన్చింది. ఏమీ లేదు. చల్లగా, బుద్ధిగా, వస్తువులా ఉంది.

"అత్తా, రా! ముట్టుకో!"

మరిడమ్మ చేతికి చుట్టుకున్న కొంగు విప్పి, ఒక వేలు పెట్టి, తర్వాత అయిదు వేళ్ళూ పెట్టి, ఏదో తిట్టు మొదలుపెట్టి మింగేసింది. కొడుకుని తిట్టబోయిందని ధనశ్రీకి అర్థమైంది.

ఇక ఆ తర్వాత మూడు గంటలు ఎలా గడిచాయో! ఛార్జరు పెట్టినా గుండ్రాలు వణకలేదు. లాప్‌టాప్‌లో తప్పెటగుళ్ళ దరువు ముక్క ఒకటి దొరికింది, కిరణ్ ఏదో ఉత్సవంలో పట్టుకున్నది. ఎడమ రికార్డు మీద దాన్ని వేసి, వేలి కొసతో వెనక్కి లాగింది. గజ్జెలు వెనక్కి మోగాయి. ముందుకి తోసింది. ఓరి దేవుడా, చేతిలో ఉంది తాళం! గ్రైండరులో రుబ్బు పక్కకి అతుక్కుంటే చేత్తో లోపలికి తోసే వాటమే ఇది, ఎక్కువ నొక్కకూడదు, తక్కువ కాకూడదు. కుడి రికార్డు మీద ఇంకో దరువు వేసి, దాని నడకని దీని నడకతో కలపాలి. కలిసేలోపల అది హెడ్‌ఫోనులో తనకి మాత్రమే వినబడాలి. వీడియోల్లో అందరూ చేసే పని గుర్తొచ్చింది. ఒక చెవి కప్పుకుంటారు, ఒక చెవి బయటికి వదులుతారు. ధనశ్రీ అలాగే పెట్టుకుంది. కుడి చెవిలో దరువు, ఎడమ చెవిలో ఇల్లు: అత్త దగ్గు, తల్లి గిలక, కుక్కరు కూత. ఏడాదిన్నరనుంచి ఒక చెవి పిల్లకి రాసిచ్చేసిన ఆడదానికి ఈ విద్య ఒకరు నేర్పాలా? రెండు దరువులూ కలిశాయి. ఒక్క కాలిలా నడిచాయి. ఆమె వీపు మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

కిరణ్ ఆటోతో వచ్చేసరికి వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి గోడ మీదనుంచి చూస్తున్నారు. అతను చెప్పులతోనే లోపలికి పరిగెత్తాడు.

"ఎవడు కట్టేడమ్మా? మా తారక్ మామ ఇంకా వ్యానులోనే ఉన్నాడే!"

"నీ పెళ్ళాం కట్టింది" అంది మరిడమ్మ. "సెప్పులిప్పు."

ధనశ్రీ హెడ్‌ఫోను మెళ్ళోకి జార్చి, పాత టేపు ముక్క అతని అరచేతిలో పెట్టింది. రెండు చుట్లు, చివర ముడత.

"ఇది బోర్డులో దొరికింది బావా."

అతను దాన్ని చూశాడు. గుర్తుపట్టాడు. "మన పెళ్ళికి ముందు... ఆంప్లిఫయరు గుయ్‌మంటే... ఒక్క రోజుకని కోసేను. కలుపుదామనుకుని మర్చిపోయేను."

"నేను జిల్లుమంటందని చెప్పినప్పుడైనా గుర్తుకి రాలేదా?"

కిరణ్ గ్రైండరు వైపు చూశాడు, పీట వైపు చూశాడు. బయట ఆటో హారన్ కొట్టింది.

"ఆటో పంపించెయ్. శనివారం నేను వాయిస్తాను" అంది ధనశ్రీ. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"నువ్వా?"

"నువ్వు తిప్పు మరి, చూద్దాం."

కిరణ్ వచ్చి, మూత తిప్పినట్టు రికార్డు మీద చెయ్యి వేశాడు. సూది ఎగిరి గంతేసింది. తప్పెటగుళ్ళు కీచుమన్నాయి. తల్లి పడీ పడీ నవ్వింది. అప్పుడే లోపలికి వచ్చిన తారక్, తను కోయించిన పీలిక వైర్లు మర కింద బిగిసి ఉండడం చూసి, "ఇది ఎక్స్‌ట్రా కాదా సెల్లెమ్మా?" అన్నాడు.

"మరి పిల్లో?" అన్నాడు కిరణ్. అది అతని ఆఖరి బాణం. తగిలింది కూడా. ధనశ్రీ పాత భయం లేచి కూర్చుంది. ముప్పై కిలోమీటర్ల అవతలనుంచి ఏ చెవి పెట్టినా వినబడదు. వినబడదని తెలిసే, ఊపిరి పీల్చుకుని అంది:

"నువ్వున్నావుగా బావా."

"నానూ దీంతో రాంబిల్లి ఎల్తన్నాను" అంది మరిడమ్మ. "సముద్రం సూసి ఎన్నాళ్ళయిందో."

ఇవాళ శనివారం. సాయంత్రం ఆరున్నర. తారక్ వ్యానులో సెట్టు తెచ్చి రిసార్టులో దింపేశాడు, పీలిక వైర్లు తనే దగ్గరుండి బిగించాడు. మరిడమ్మ ముందు వరసలో కుర్చీ వేసుకుంది. ధనశ్రీ టెస్టరుతో మూడుసార్లు చూసి, ఒక చెవి కప్పుకుని, ఒక చెవి సముద్రానికి వదిలి, రికార్డు మీద చెయ్యి పెట్టింది. ఆమెకిప్పుడు ఫోన్లు చెయ్యకండి. మీరు గవరపాలెం మీదుగా వెళ్తుంటే మాత్రం, నీలం గేటు ఇల్లు, ఒకసారి ఆగండి. పిల్లకేం ఫరవాలేదు, తల్లి గట్టిది. లోపల పిల్లతో కిరణ్ ఒక్కడే ఉన్నాడు. అతను ఏడిస్తే వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. కాస్త తలుపు తట్టి, ఎలా ఉన్నాడో చూసి రండి.