తిరిగొచ్చే మట్టి

నాచారంలో భూషణం మేడ వెనక రోజూ తెల్లవారేసరికి మట్టి వచ్చి ఉండేది. పక్కింటి సత్తమ్మ వాకిలి ఊడుస్తూ తలెత్తి, "మట్టొచ్చిందా బిడ్డా?" అని అడిగేది, నల్లా వచ్చిందా అన్నట్టుగానే. పై అంతస్తు వెనక బాల్కనీలోంచి భూషణం భార్య తారామణి, "వచ్చిందండీ, ఇవాళ కాస్త ఎక్కువే" అనేది.

ఒకప్పుడు అక్కడ సత్తమ్మ వాళ్ళ ద్రాక్షతోట ఉండేది. స్థలం కొన్న భూషణం ఇల్లు కట్టేముందు పైమట్టంతా చెక్కించి, దమ్మాయిగూడ కొత్త కాలనీల్లో లాన్‌లకి అమ్మేశాడు. అది నడుచుకుంటూ తిరిగొచ్చింది. మళ్ళీ ట్రాక్టర్లకెత్తించి అమ్మాడు. మళ్ళీ వచ్చింది. అమ్మిన సరుకే ఇంటికొస్తుంటే ఎవరికి చేదు? ఉన్న ఉద్యోగం మానేసి అదే వ్యాపారం పెట్టుకున్నాడు మహానుభావుడు.

"పాపం, ఒక్కసారి దాన్ని ఉండనివ్వండి. నాలుగు పాదులు పెట్టుకుంటాను," అంది తారామణి.

"పాదులెందుకు? ఆ మట్టి అమ్మితేనేగా మన పొయ్యి వెలిగేది," అన్నాడు.

బయటికెళ్తే ఆమెని లోపలే ఉంచి తలుపుకి తాళం వేసుకు పోవడం అతని అలవాటు. ఏలూరు నుంచి ఆమె కాపురానికొచ్చిన కొత్తలో, "ఊరు కొత్త కదా" అన్నాడు. ఊరు పాతబడింది, తాళం మాత్రం పోలేదు. ఇప్పుడు మేడిపల్లిలో ఓ బడి వాళ్ళు లెక్కలు చెప్పడానికి రమ్మన్నారు. అడిగితే "చూద్దాం" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి తెలుసు. వంటింట్లోకెళ్ళి ఏడ్చింది.

సకల జనుల సమ్మె రోజులవి. భూషణం పొలం పని మీద ఏలూరు వెళ్ళి, బస్సులూ రైళ్ళూ ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. తాళంచెవి అతని జేబులో ఉంది. సత్తమ్మ తాడుకి కట్టిన బుట్టలో కూరలూ పాలూ పంపేది.

"తాళం పలగ్గొడ్తం బిడ్డా. గిట్ల ఎన్నొద్దులుంటవ్?"

"వద్దండీ. ఆయన ఊరుకోరు."

మనిషి ఊళ్ళో లేకపోయినా అతని భయం ఇంట్లోనే ఉంది. అందుకు తారామణికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ట్రాక్టర్లూ ఆగిపోయాయి. ఎత్తేవాళ్ళు లేక మట్టి వచ్చింది వచ్చినట్టే పేరుకుంది. ఖాళీగా ఉన్న కింది వాటా కిటికీలు దాటి, ఓ పొద్దున బాల్కనీ అంచుని తాకింది. అటునుంచి ఎవరెక్కుతారులే అని భూషణం అక్కడ గ్రిల్లు పెట్టించలేదు.

తారామణి కాలు పెట్టి చూసింది. చల్లగా ఉంది, దిగబడలేదు. రెండో కాలూ పెట్టింది.

అంతలో చేతిలో ఫోను మోగింది. "రేపట్నించి బళ్ళు తిరుగుతాయట. మట్టెత్తడానికి ట్రాక్టరు హన్మయ్యని రమ్మన్నాను," అన్నాడు భూషణం.

"వద్దని చెప్పండి. మట్టి మీద నేనున్నాను."

"మట్టి మీదేంటి? లోపలికెళ్ళు."

"వెళ్ళను," అని పెట్టేసింది. మట్టి మీంచి కిందికి అడుగేసింది. కింద సత్తమ్మ చేయి చాపి, "జర పైలం బిడ్డా" అంది.

మర్నాడు హన్మయ్య ట్రాక్టరు తెచ్చాడు. మట్టి మీద ఆడవాళ్ళిద్దరూ బీరగింజలు పెడుతున్నారు. "నాటినంక ఎట్లెత్తుత?" అని బండి తిప్పుకుపోయాడు. ఉండనిచ్చారు గనక, కొత్తగా మట్టి రావడం కూడా మానేసింది.

భూషణం తిరిగొచ్చిన రోజునే, సమ్మెకి మూసిన మేడిపల్లి బడి మళ్ళీ తెరిచారు. అతను తాళం తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఎలా వెళ్తావో చూస్తా" అన్నాడు.

తారామణి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, బాల్కనీలోంచి మట్టి మీదికి దిగి బడికి వెళ్ళిపోయింది.