ఎర్రబడిన బొగ్గు

మా పిల్లి పేరు బొగ్గు. పేరుకు తగ్గట్టు ముక్కు నుంచి తోక దాకా నలుపే. అలాంటిది ఈ ఎండాకాలం మొదట్లో ఎర్రబడటం మొదలుపెట్టింది. ముందు వీపు, తర్వాత తోక, చివరికి ఒళ్లంతా తుప్పు పట్టిన రేకు రంగుకొచ్చింది.

మా ఆవిడ సౌభాగ్యమ్మ దానికి కొబ్బరినూనె రాసింది. షాంపూతో స్నానం చేయించబోయి చేతులు రక్కించుకుంది. ఏం లాభం లేదు. వెంట్రుకలు ఊడుతున్నాయి, ఒళ్లు చిక్కుతోంది. పిల్లలు లేని ఇల్లు మాది. పన్నెండేళ్లుగా బొగ్గు ఆమె పక్కలోనే పడుకుంటోంది. "ఇది పోతే నా గతేంది?" అని ఆమె ఏడ్చిన రోజు నేను ట్రిప్పులు మానేసి, ఇద్దరినీ నా ఆటోలోనే మార్కాపురం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టర్ రమ్య వెంట్రుకలు పాయలు తీసి చూసింది. "ఏం పెడుతున్నారు పెద్దమ్మా?"

"మేం తినేదే డాక్టరమ్మా. పప్పన్నం, పెరుగన్నం."

కొత్త సంవత్సరం ఆరాధనలో సౌభాగ్యమ్మ ఒక తీర్మానం చేసుకుంది. ఈస్టర్ దాకా మా ఇంట్లోకి నీచు రాకూడదు. ఇల్లంటే ఆమె, నేను, బొగ్గు. పిల్లి చేత ప్రార్థన కూడా చేయించేదే, దానికి మాటలు రావని ఊరుకుంది. ఆ తీర్మానం సంగతే డాక్టరమ్మకు చెప్పింది.

"పిల్లి చేత ఉపవాసమా!" డాక్టరమ్మ నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "ఎలుకలన్నా పడుతుందా?"

"పండ్లు ఊడిపోయినాయమ్మా."

"అదీ సంగతి. ఎండకు కూడా కొంచెం రంగు మారుతుంది గానీ, ఇది తిండి లోపం. మాంసం సత్తువ లేక నలుపు ఎర్రబడింది. ఇట్లనే వదిలేస్తే కళ్లు పోతాయి, గుండె దెబ్బతింటుంది. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ లేకుండా చికెన్ ఉడికించి, ఎముకలు తీసి పెట్టండి. నూనె, షాంపూ వద్దు. దువ్వితే చాలు."

సౌభాగ్యమ్మ ముఖం వాడిపోయింది. దేవుడికిచ్చిన మాట ఒకవైపు, బొగ్గు ఒకవైపు. ఉన్నట్టుండి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, మూడు నెలలుగా ముగ్గురం ఒకటే కూడు తింటా ఉండాం. ఇది చిక్కిపోయింది. నా జాకెట్లు వదులైనాయి. నీకు పొట్టెట్ల వచ్చింది?"

నేను దోర్నాలకు ఆటో తోలుతాను. సోంపు నమలకుండా ఒక్కరోజూ ఇంటికి రాలేదు.

"దోర్నాల హోటల్లో..." అని నసిగాను.

"రోజూనా?"

"ఆదివారం లేదు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు తింటే తిన్నావు జయపాలూ. దీనికొక్క ముక్క తేవాలనిపించలేదా?"

తెస్తే దొరికిపోతానని భయపడ్డాను, అంతే. ఆ మాటకు నిజంగా సిగ్గేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమే తీర్పు చెప్పింది. "మాటిచ్చింది ఇంటి గురించి. ఆటో ఇల్లు గాదు." అప్పటి నుంచి హోటల్లో చప్పగా ఉడికించిన చికెన్ పార్సిల్ కట్టించుకొచ్చి, ఆటో వెనక సీట్లో బొగ్గుకు పెట్టాను. అది తింటుంటే ఎదురుగా కూర్చుని గుటకలు మింగాను. ఈసారి ఒక్క ముక్క కూడా ముట్టలేదు.

ఈస్టర్ మధ్యాహ్నం ఇల్లంతా చికెన్ కూర ఘుమఘుమ. సౌభాగ్యమ్మ బొగ్గు చెవి వెనక వెంట్రుకలు విడదీసి నాకు చూపించింది. అడుగున కొత్త నలుపు! ఆనందంతో ఆమె కళ్లు చెమర్చాయి. ఉప్పు, కారం కలపకముందే తీసి ఉంచిన ముక్కలు బొగ్గుకు పెట్టింది. తర్వాత తన కంచంలో కూర వేసుకుంది. నా కంచంలో పప్పు పోసింది.

"నీ ఈస్టర్ పెంతెకొస్తుకయ్యా."

ఆ పండగకు ఇంకా యాభై రోజులు. పప్పన్నం కలుపుకున్నాను. బొగ్గు తన పళ్లెం నాకేసి వచ్చి నా ఒళ్లో కూర్చుని, చికెన్ వాసనతో తీరిగ్గా ఆవలించింది.