వెనక గది చలవ

పుట్టగొడుగంత పంతం ఉన్న ప్రాణిని నేను ఇంకోదాన్ని చూడలేదు. ఎండ తగిలితే వాడిపోతుంది. నీళ్లు ఎక్కువైతే కుళ్లిపోతుంది. గాలి ఆడకపోతే వికారంగా పెరుగుతుంది. తనకి ఎంత వేడి కావాలో, ఎంత తడి కావాలో, ఎంత వెలుగు కావాలో అంతా మన చేత చేయించుకునే దాకా మొగ్గ వేయదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ ఇంట్లో నాకేం కావాలో నేను ఒక్కసారి కూడా గట్టిగా అడిగింది లేదు. అందుకే కాబోలు, దాని మీద నాకంత ఇష్టం కలిగింది.

నా పేరు తబిత. మా ఊరి నుంచి భీమవరం ఆటోలో అరగంట. మా ఆయన విజయ్ పాల్ టౌన్లో రొయ్యల మేత కొట్లో గుమాస్తా. ఎదురుగా ఉన్నప్పుడు "ఏవండీ, మీరు" అంటాను గానీ, ఇక్కడ ఆ మర్యాద నా వల్ల కాదు. ఇంట్లో మా ఇద్దరితో పాటు మా అత్తగారు సంపూర్ణమ్మ ఉంటుంది. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

ఇంతకు ముందు నేను రొయ్యల ఫ్యాక్టరీలో ఒలుపు పనికి వెళ్లేదాన్ని. తెల్లవారకముందే కంపెనీ బస్సు వస్తుంది. తెల్లకోటు, తలకి టోపీ, కాళ్లకి గమ్ బూట్లు. సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి నిలబడాలి. గ్లౌజులున్నా చలి ఊరుకోదు. వేళ్లు మొద్దుబారి, గోళ్ల పక్కన చర్మం చీలిపోయేది. ఇంటికొచ్చి కూర కలుపుకుంటే ఆ చీలికల్లో కారం దిగి కళ్లమ్మట నీళ్లొచ్చేవి. కిందటేడు ఆర్డర్లు తగ్గాయని మాలో సగం మందిని ఆపేశారు. మా ఆయన మొహం మాడిపోయింది. నాకు మాత్రం జైలు నుంచి వదిలినట్టే ఉంది.

అప్పుడే డ్వాక్రా వాళ్లు పుట్టగొడుగుల పెంపకం మీద శిక్షణ పెట్టారు. నేర్పించిన శ్రీసత్య మేడం చిన్న వయసు మనిషి, ఓపికగా చెప్పేది.

"చిప్ప పుట్టగొడుగు మనకి చలికాలంలోనే బాగా వస్తుందండి. ఎండాకాలంలో పాల పుట్టగొడుగు పెట్టుకోండి. అది ముప్పై అయిదు డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అంతకు మించకుండా చూసుకోవాలి. గదిలో తేమ ఎనభై శాతానికి తగ్గకూడదు. గాలి సంగతి మాత్రం మరిచిపోకండి. అవి కూడా మనలాగే ఊపిరి వదుల్తాయి. ఆ గాలి బయటికి పోకపోతే కాడలు సాగిపోతాయి, గొడుగులు విప్పుకోవు."

ఇంటి వెనక వసారాని ఆనుకుని మాకో పెంకుల గది ఉంది. అందులో చిరిగిన మేత సంచులు, విరిగిన కుర్చీలు, ఎలుకలు కాపురం ఉండేవి. ఆ గది నాకు ఇమ్మంటే మా ఆయన పగలబడి నవ్వాడు.

"పెంటకుప్ప మీద మొలిచేవాటిని ఇంట్లో పెంచుతావా? పెంచుకో. ఆ కొంపలోకి ఎవడొస్తాడు?"

ఆ మాట నేను బాగా గుర్తు పెట్టుకున్నాను.

గది ఖాళీ చేసి గోడలకి సున్నం వేశాను. నేల మీద ఇసక పరిచాను. పెంకుల మీద కొబ్బరాకులు కప్పించాను. గోడల నిండా, కిటికీకి, పైన గాలి కన్నాలకి గోనెపట్టాలు వేలాడగట్టి పూటపూటకీ తడిపేదాన్ని. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని చెరువు కుళాయి నుంచి బిందెలతో మోశాను. గడ్డి ముక్కలు కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, విత్తనం చల్లుకుంటూ కవర్లలో పొరలు పొరలుగా కూరాను. వాటిని బెడ్లు అంటారు. కొన్నాళ్లు చీకట్లో వదిలేస్తే గడ్డంతా తెల్లటి బూజు అల్లుకుంది. దాని మీద మట్టి పొర వేసి, కిటికీ తీసి, వెలుగూ గాలీ ఇచ్చాను.

ఈలోగా మే నెల వచ్చి పడింది. మా ముందిల్లు డాబా. మధ్యాహ్నమయ్యేసరికి గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. ఫ్యాను తిరిగితే వేడిగాలి మొహాన కొట్టేది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. బయట నలభై నాలుగు చూపిస్తే నా గదిలో థర్మామీటరు ముప్పై రెండు దగ్గర ఆగేది. తలుపు తీయగానే తడి మట్టి వాసన, చల్లగా ఒంటికి తగిలేది. నాకూ అక్కడే ఉండిపోవాలనిపించేది. కానీ మాటిమాటికీ తలుపు తీయకూడదని మేడం చెప్పింది గనక తడపడం అవగానే బయటికొచ్చేసి, ముందు గదిలో అత్తగారి పక్కన చాప వేసుకుని ఉడికిపోయేదాన్ని.

భీమవరంలో పెళ్లిళ్లకి వంటలు పట్టే అచ్చాయమ్మగారు ఒకసారి వచ్చి బెడ్లు చూసి వెళ్లింది. కచ్చితమైన మనిషి.

"ఓ పెళ్లికి మష్రూమ్ వేపుడు అడిగారమ్మాయ్. గొడుగులు గుండ్రంగా, గట్టిగా ఉండాలి. మొదటి కాపు బావుంటే ఇక నా సరుకంతా నీ దగ్గరే. బాగోకపోతే మళ్లీ నీ గుమ్మం తొక్కను, ముందే చెబుతున్నాను."

అదే నాకు కావలసింది. ఆ కాపు బావుంటే నేను మళ్లీ ఐసులో చేతులు పెట్టక్కర్లేదు. ఫ్యాక్టరీ వాళ్లు అప్పటికే మళ్లీ రమ్మని కబురు పెట్టారు. రెండు వారాల్లో చెబుతానన్నాను.

మట్టి పొర మీద గుండుసూది తలల్లాంటి మొగ్గలు కనిపించిన రోజు నేను గదిలోనే మోకాళ్లూని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పకుండా కాసేపు ఏడ్చాను కూడా.

రెండు మూడు రోజులు గడిచేసరికి మొగ్గల తీరు మారింది. కాడలు సన్నగా, పొడుగ్గా ఒక పక్కకి ఒరిగి లేస్తున్నాయి. వాటి చివర గొడుగు చూద్దామంటే చొక్కా గుండీ అంత ఉంది. నీళ్లు తక్కువయ్యాయేమోనని ఇంకో పూట తడిపాను. మట్టి బాగాలేదేమోనని నన్ను నేను తిట్టుకున్నాను. చివరికి మేడంకి ఫోన్లో ఫొటో పంపాను.

వెంటనే ఆవిడే ఫోన్ చేసింది. "గాలి ఆడటం లేదు తబితగారూ. గదిలో ఎవరైనా ఎక్కువసేపు ఉంటున్నారా?"

"ఎవరుంటారండి! కిటికీ, కన్నాలు అన్నీ తీసే ఉంచాను."

"ఓసారి కొవ్వొత్తి వెలిగించి చూడండి."

క్రిస్మస్‌కి మిగిలిన కొవ్వొత్తి ముక్క వెలిగించి కిటికీ దగ్గర పట్టుకున్నాను. మంట కదల్లేదు. గోనెపట్టా ఎత్తి చూస్తే కిటికీ రెక్కలు రెండూ లాగి లోపల గడియ పెట్టి ఉన్నాయి. స్టూలెక్కి పైన పట్టాలు తప్పించాను. గాలి కన్నాలన్నిట్లో మేత సంచుల పీలికలు కుక్కి ఉన్నాయి, ఒక్క చీమ కూడా దూరకుండా. మూల బెడ్ల వెనక చాప, దాని మీద మా ఆయన దిండు.

ఆ మధ్యాహ్నం నేను ముందు గదిలో పడుకున్నట్టు పడుకుని, కాసేపాగి లేచి వెళ్లాను. మా ఆయన రోజూ మధ్యాహ్నం కొట్టు నుంచి ఇంటికొచ్చి, భోంచేసి "వెనక వసారాలో నడుం వాలుస్తాను" అని వెళ్లేవాడు. వసారా ఖాళీగా ఉంది. గది తలుపు తీస్తే ఆ చల్లటి చీకట్లో, నా బెడ్ల మధ్య, బనీను కూడా తీసేసి గురక పెడుతున్నాడు.

"ఏవండీ!" అని అరిచాను.

ఉలిక్కిపడి లేచి, ముందుగా తలుపు వైపు చూశాడు. "తలుపు వెయ్యి, చలవంతా పోతోంది."

"కన్నాలు మూసింది మీరేనా? కాడలెలా సాగిపోయాయో చూశారా? వీటికి గాలి కావాలి!"

"నాకూ కావాలి. పొద్దున్నించీ ఆ కొట్లో మాడి వస్తున్నాను. ఇల్లు నాది, గది నాది. రెండు గంటలు పడుకుంటే నీ పుట్టగొడుగుల సొమ్మేం పోయింది?"

నా అరుపు విని అత్తగారు వచ్చింది. ఆవిడకి ఆశ్చర్యమేమీ కలగలేదు. అప్పుడర్థమైంది, నా పక్కన చాప మీద పడుకుని విసనకర్ర ఊపుకుంటూ ఇన్నాళ్లూ ఆవిడకి ఇదంతా తెలుసని.

"మగాడు కాసేపు కునుకు తీస్తే ఓర్చుకోలేవేంటమ్మా? వాడికంటే ఆ గొడుగులు ఎక్కువా నీకు?"

అవునని అనాలనిపించింది. అనలేకపోయాను. ఆ మాట మింగినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

పీలికలన్నీ లాగి పారేశాను. మర్నాడు మళ్లీ కుక్కి ఉన్నాయి. బాగా ఉన్న ఒక బెడ్డుని తీసుకెళ్లి మెట్ల కింద నీళ్ల డ్రమ్ము పక్కన, గాలి ఆడేచోట పెట్టి తడి గోనె కప్పాను. మిగతావి మోయడానికి చోటెక్కడుంది? గురువారం చర్చిలో స్త్రీల కూడికకి వెళ్తూ గదికి తాళం వేసి, తాళంచెవి జాకెట్లో పెట్టుకున్నాను. ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆ తాళంచెవినే తడుముకున్నాను. తిరిగొచ్చేసరికి గొళ్లెం ఊడి వేలాడుతోంది. దాని కింద రుబ్బురోలు పొత్రం పడి ఉంది. లోపల గురక వినిపిస్తోంది.

"మొగుడికి తాళం వేసే ఆడదాన్ని ఈ ఊళ్లో నిన్నే చూశాను" అని అత్తగారు ఒంటికాలి మీద లేచింది. "పాస్టరమ్మగారితో చెబుతానుండు."

శనివారం అచ్చాయమ్మగారు ఆటో వేసుకుని వచ్చింది. నేను కోసి బుట్టలో సర్దినవాటిలోంచి ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పింది. అది వంగి విరిగిపోయింది.

"ఇవేంటమ్మాయ్? గొడుగులు తెమ్మంటే కాడలు తెచ్చావు. ఇవి వేపుడు చేస్తే నా పరువేం కాను?"

"గాలి ఆడలేదండి. ఈసారి..."

"గాలి ఎందుకు ఆడలేదు?"

వసారాలో మా ఆయన నిలబడి ఉన్నాడు. అత్తగారు గుమ్మంలో ఉంది. నేను విరిగిన కాడ ఏరి బుట్టలో వేశాను. ఇంటి గుట్టు బయటికి చెప్పకూడదని నాకు ఎవరు నేర్పారో గానీ, బాగానే నేర్పారు. అచ్చాయమ్మగారు బుట్ట నా వైపు జరిపి ఆటో ఎక్కేసింది.

మెట్ల కింద పెట్టిన బెడ్డు ఆ మరుసటి వారం కాసింది. అరచెయ్యంత గొడుగులు, తెల్లగా, గుండ్రంగా, గిల్లితే టక్కున విరిగేలా. వాటిని ఎవరికి అమ్మను? ఉల్లిపాయలు, మిరియాలు వేసి కూర వండాను. మా ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు.

"ఇవి బాగున్నాయి తబితా. అన్నీ ఇలా పండించాల్సింది. నీకు పద్ధతి తెలియక పాడు చేసుకున్నావు."

ఆ రాత్రి నేను కూర ముట్టలేదు. సోమవారం కంపెనీ బస్సెక్కాను.

అప్పటికే గదిలోంచి బెడ్లు తీయించి మా ఆయన మంచం వేయించుకున్నాడు. నేను బస్సెక్కే ముందు రోజు, ఆదివారం ఆరాధన అయ్యాక అత్తగారు అందరితోనూ చెబుతోంది, "మా వెనక గది ఊటీయేనండి. మావాడు పెంకుల మీద కొబ్బరాకులు కప్పించాడు, ఇక చూస్కోండి." పక్కనే నిలబడి విన్నాను.

పనిలో చేరిన రెండో రోజు మధ్యాహ్నం, ఫ్యాక్టరీలో అన్నాల వేళ. గ్లౌజులు తీసి, లాకర్లోంచి ఫోన్ తీసేసరికి అది మోగుతోంది. నా వేళ్లు తెల్లబడి బిగుసుకుపోయాయి. ఎంత నొక్కినా ఫోన్ నా స్పర్శ ఒప్పుకోలేదు. పక్కనున్న చిన్నమ్మాయి తన వేలితో నొక్కి నా చెవి దగ్గర పెట్టింది.

"ఏంటి తబితా, గది ఇలా కాలిపోతోంది?" మా ఆయన గొంతులో నిద్ర చెడిన చిరాకు. "కన్నాలన్నీ మూశాను, కిటికీ మూశాను. అయినా డాబా కంటే ఘోరంగా ఉంది. ఏమైంది దీనికి?"

"గోనెపట్టాలు ఎండిపోయుంటాయండి."

"మరి పొద్దున్న తడిపి వెళ్లలేదా?"

వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "రేపట్నుంచి బస్సుకి ముందే లేచి తడిపి వెళ్లమనరా. నాలుగు బిందెలు పోయడానికి ఏం బద్ధకం?"

నేను నా చేతుల వంక చూసుకున్నాను. గోళ్ల పక్కన పాత చీలికలన్నీ మళ్లీ తెరుచుకున్నాయి. గది చల్లగా ఉండేదనుకున్నారు వీళ్లు. దాన్ని చల్లగా ఉంచిన మనిషి ఒకతె ఉందని ఎవరికీ తోచలేదు.

"వింటున్నావా?" అన్నాడు.

"వింటున్నానండి. ఇక్కడ భలే చల్లగా ఉంది. ఐసు బోలెడు. వచ్చి పడుకోండి."

అవతల టక్కున ఫోన్ పెట్టేశాడు. చిన్నమ్మాయి నా మొహంలోకి చూసి ఫోన్ లాకర్లో పెట్టింది. లోపల గంట మోగింది. నేను గ్లౌజులు తొడుక్కుని వెళ్లి చేతులు ఐసులో పెట్టాను.