మహారాణిని లేపిన డబ్బా

"పెట్రోలు ఖర్చు పైసా ఉండదే!" అంటూ మా ఆయన ఓ పెద్ద ఎలక్ట్రిక్ కారు కొనుక్కొచ్చారు. సెకండ్ హ్యాండే అయినా దాని వైభోగం చూసి అత్తయ్య దానికి మహారాణి అని పేరు పెట్టేసింది. వెనక సీటు మంచంలా వాలుతుంది, కాళ్లు పైకి లేపుతుంది, నడుం కూడా పిసుకుతుంది. ఇంత మంచి కారును పాత యజమాని అంత చవగ్గా ఎందుకు వదిలించుకున్నాడని నేను అడిగాను. నా మాట ఎవరు విన్నారు గనక!

మొదటి సర్వీసుకు వెళ్లినప్పుడు తెలిసింది. బండి బరువుకు టైర్లు సబ్బుబిళ్లల్లా అరిగిపోతాయట, నాలుగూ మార్చాలట. బంపర్‌కి దెబ్బ తగిలితే లోపలి సెన్సర్లతో సహా మార్చాలట. అద్దం పగిలితే కొత్తది సముద్రాలు దాటి రావాలట. ఆ 'అట'లన్నీ వినేసరికి మా ఆయన మొహం మాడిపోయింది.

ఆ రోజు నుంచి మహారాణి గేటు దాటలేదు. నడిపితేనే కదా అరిగేది! కానీ కొన్న సరదా తీరాలిగా. అందుకని సాయంత్రం కాగానే తల్లీకొడుకులు చెప్పులు బయట విడిచి, వాకిట్లో నిలబెట్టిన కార్లో కూర్చుని షికారు చేసేవారు. స్టార్ట్ మాత్రం చెయ్యరు, చార్జింగు దండగని. పాటలు, లైట్లు, నడుం పిసికే సీటు, అంతే. "కాస్త మెల్లిగా పోనివ్వరా," అని అత్తయ్య అంటే, ఈయన స్టీరింగు పట్టుకుని "రోడ్డు ఖాళీగానే ఉందమ్మా," అనేవారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలిసేది కాదు.

ఎవరి పిచ్చి వాళ్లకానందం అని ఊరుకున్నాను. కానీ ఆ కొత్త టైర్ల కోసం మా ఆయన కన్ను నా డబ్బా మీద పడింది. డబ్బా అంటే నా పాత కారు. నేను ఇంటింటికీ వెళ్లి కర్టెన్లు బిగిస్తాను. రాడ్లు, డ్రిల్లు, నిచ్చెన అన్నీ దాంట్లోనే. నిచ్చెన కొస వెనక కిటికీలోంచి బయటికి వస్తే దానికో ఎర్రగుడ్డ కడతాను. ఆ బండి లేకపోతే నాకు పని లేదు.

"రెండు కార్లెందుకే మనకి? నీకు మహారాణి లేదూ?" అన్నారు.

"అందులో నిచ్చెన పెట్టనిస్తారా?"

"నిచ్చెనా! లెదర్ సీట్లు చిరిగిపోవూ!"

"అయితే నెత్తిన పెట్టుకుని ఊరేగమంటారా?"

ఆయన ఫోన్ తీసి డబ్బాకి ఫొటోలు కొట్టుకున్నారు. ఆదివారం పొద్దున బేరానికి ఒక ప్లంబరు వచ్చాడు.

అతను డబ్బా బానెట్ ఎత్తి చూస్తుంటే నేను తాళం గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మహారాణి లోపల్నుంచి టపటపమని చప్పుడు. చూస్తే అత్తయ్య! నడుం నొప్పిగా ఉందని పొద్దున్నే ఎక్కి పడుకుందట. సీటు పూర్తిగా వాలి, కాళ్లు పైకి లేచిన సమయానికి కారు చచ్చి ఊరుకుంది. తలుపులు రావు, సీటు లేవదు. ఆ ఖరీదైన అద్దాల్లోంచి కేకలు బయటికి వినబడటం లేదు, నోరు మాత్రం కదులుతోంది. ఏం తిడుతోందో ఇన్నేళ్ల అనుభవం మీద నాకు అర్థమైంది.

మా ఆయన సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"దాంట్లో పెద్ద బ్యాటరీ కాక చిన్నదొకటుంటుంది సార్," అన్నాడు మెకానిక్. "తలుపులు, సీట్లు దాని మీదే పనిచేస్తాయి. స్టార్ట్ చెయ్యకుండా వాడితే అయిపోతుంది. ముందు బంపర్లో చిన్న మూత తీస్తే రెండు వైర్లుంటాయి. పక్కన ఏదైనా మామూలు కారుంటే దాని బ్యాటరీ కలపండి."

మా ఆయన మెల్లగా డబ్బా వైపు తిరిగారు. తాళం నా చేతిలో ఉంది.

"ఇలా ఇవ్వవే, లోపల అమ్మ!"

డబ్బాను అమ్మనని ఒట్టేస్తేనే ఇస్తానని అందామనుకున్నాను. గాల్లో ఉన్న అత్తయ్య కాళ్లు చూశాక మనసొప్పలేదు. డబ్బాను దగ్గరికి తెచ్చి, డిక్కీలో ఎప్పుడూ ఉండే, బ్యాటరీలు కలిపే వైర్లు తీసి తగిలించాను. డబ్బా దగ్గింది, ఊగింది, ఉరిమింది. మహారాణి లైట్లు వెలిగాయి. సీటు లేచి అత్తయ్యను కూర్చోబెట్టింది, తలుపు తెరుచుకుంది, తిట్టు సగంలోంచి వినబడింది.

"...దిక్కుమాలిన బండీ, నువ్వూనూ!"

నా మంచితనమే నా కొంప ముంచింది. "అబ్బో! అంత పెద్ద కారునే లేపిందా!" అన్నాడు ప్లంబరు. "అనుకున్నదాని కంటే ఎక్కువే ఇస్తానండీ, ఇప్పుడే పట్టుకుపోతా." మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, దాచుకోలేదు కూడా.

ఫోన్లో మెకానిక్ ఇంకా ఉన్నాడు. "సార్, ఆ చిన్న బ్యాటరీ పాడైనట్టే. ఈ మోడల్‌ది ఆర్డరు పెట్టాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందాకా రోజూ ఇలాగే లేపుకోవాలి. ఆ రెండో కారు దగ్గరుంచుకోండి."

డబ్బు కోసం చాచిన చెయ్యి ఆగిపోయింది. మా ఆయన మహారాణిని చూశారు, డబ్బాను చూశారు.

"దాన్ని అమ్మావో, ఇందులో మళ్లీ కాలు పెడితే ఒట్టు!" అంది అత్తయ్య.

"ఏమనుకోకండి, ఇది అమ్మడం లేదు," అన్నారు మా ఆయన ప్లంబరుతో, నీరసంగా.

"పోనీ, ఆ పెద్దది అమ్ముతారా?" అన్నాడు ప్లంబరు.

"ఆ! అమ్ముతాం!" అంటూ ఈయన ఒక్క గెంతు గెంతారు.

"అబ్బే, ఊరికే అడిగాను," అని అతను చక్కా పోయాడు.

ఇప్పుడు పొద్దున్నే నా నిచ్చెన ఎక్కించి, ఎర్రగుడ్డ కట్టేది మా ఆయనే. "జాగ్రత్తగా వెళ్లు, తొందరగా వచ్చెయ్," అని మరీ మరీ చెప్పి పంపుతున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా కోసం ఎదురుచూసిన పాపాన పోలేదు ఆ మనిషి. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర నిలబడి ఉంటున్నారు, చేతిలో వైర్లు పట్టుకుని.