మందు కొట్టని మడి

సౌభాగ్యమ్మ వ్యాపారంలో ఒక పద్ధతి ఉండేది. ఏ కొత్త మందైనా ముందు నాంపల్లిలోని తన ఇంటి పెరట్లో కొట్టి చూడాలి. ఆ తర్వాతే అది అబిడ్స్ దుకాణంలో అల్మారా ఎక్కాలి. భర్త పోయి ఆ విత్తనాల, పురుగుమందుల దుకాణం తన చేతికొచ్చినప్పుడు, ఆడమనిషికి మందుల సంగతేం తెలుసని బజారంతా నవ్వింది. నవ్వేవాళ్లను నవ్వనిచ్చి ఆమె పెరడు తవ్వించింది.

డెబ్బై రెండో సంవత్సరం వానాకాలంలో రాధాకృష్ణమూర్తి అనే కంపెనీ ఏజెంటు కొత్త కలుపుమందు పట్టుకొచ్చాడు. పైరు మొలిచాక కొట్టినా పైరుకు ఏమీ కాదట, కలుపు మాత్రమే మాడిపోతుందట. హోటళ్ల కోసం ఊరి చుట్టుపక్కల తీపి మొక్కజొన్న వేసే రైతులకు అమ్మిపెడితే నగరం మొత్తానికీ ఏజెన్సీ ఆమెదే. సుల్తాన్ బజార్‌లో వెలిసిన కొత్త దుకాణం అప్పటికే ఆమె గిరాకీలో సగం ఎగరేసుకుపోయింది. ఈ ఏజెన్సీ కూడా చేజారితే తలుపులు మూసుకోవడమే. ఆ సంగతి మూర్తికి బాగా తెలుసు, అందుకే అంత మర్యాదగా మాట్లాడాడు.

పెరట్లో రెండు మడుల్లో తీపి మొక్కజొన్న వేసింది. పైరు మోకాలెత్తు వచ్చాక ఒక మడికి మూర్తి చెప్పిన మోతాదులో మందు కొట్టించింది. పోల్చి చూడటానికి రెండో మడిని కలుపుతో సహా వదిలేయాలి. తర్వాత దుకాణం గొడవల్లో పడి పెరటి వైపు రాలేకపోయింది. రైతులకు చూపించే రోజు పొద్దున వచ్చి చూసి తల పట్టుకుంది. మందు కొట్టని మడిలో గడ్డిపరక లేదు.

"కొండమ్మా! ఈ కలుపంతా ఎవరు పీకిన్రు?"

అంట్లు తోముతున్న కొండమ్మ లేచి వచ్చింది. "నేనే అమ్మా. మందు కొట్టిన కాడ ముట్టలే, మేకలకు ఏమన్న అయితదని. గీ మడిల గడ్డి మంచిగుండె. మందు కొట్టిన నాటి సంది రోజు జరంత పీక్కపోతున్న."

సౌభాగ్యమ్మకు ఒళ్లు మండింది. తిట్టేలోపే, మందు కొట్టిన మడి వైపు తిరిగేలోపే గేటు చప్పుడైంది. మూర్తి, అతని వెనకాల పోచయ్య, ఇంకొందరు రైతులు లోపలికి వచ్చారు.

మందు కొట్టిన మడిలో కలుపు మాడిన మాట నిజమే. కానీ మొక్కజొన్న ఆకులు ఉల్లికాడల్లా చుట్టుకుపోయాయి. మొన్నటి గాలివానకు సగం మొక్కలు మొదలంటా విరిగిపడ్డాయి. నిలబడి ఉన్న ఒక మొక్కను పోచయ్య వంచి చూశాడు. పుటుక్కున విరిగింది.

"ఏంది సాబ్ గిది?"

మూర్తి తడబడలేదు. "ఇక్కడి నేల బాగోలేదయ్యా. మందు తప్పేం లేదు. పోల్చి చూపిద్దామంటే ఈవిడ రెండో మడిలో కలుపు పీకించేశారు. ఇంక ఇదేం పరీక్షండీ?"

సౌభాగ్యమ్మ రెండో మడి వైపు చూసింది. అదే నేల, అదే విత్తనం, అదే గాలివాన. ఇప్పుడు కలుపు అక్కడా లేదు, ఇక్కడా లేదు. తేడా మందొక్కటే. మందు కొట్టని ఈ మడిలో మొక్కలు నిటారుగా ఉన్నాయి. కొండమ్మ మీద కోపం ఎటు పోయిందో పోయింది. దాని బదులు భయం పట్టుకుంది, నోరు విప్పితే ఏజెన్సీ పోతుందని. అయినా విప్పింది.

"పోచయ్యా, గీ మడిల మొక్క వంచు."

అతను వంచాడు. వంగింది. వదిలితే మళ్లీ లేచి నిలబడింది.

"నా నేల మంచిగనే ఉన్నది మూర్తి సాబ్. మామూలు మక్కకు మీ మందు పనికొస్తదేమో నాకు తెల్వదు. తీపి మక్కను మాత్రం ఇరగ్గొడుతున్నది. నా దుకాణంల పెట్టను."

మూర్తి గొంతు తగ్గించాడు. "ఆలోచించుకోండమ్మా. రేపే సుల్తాన్ బజార్ వాళ్లకి ఇచ్చేస్తాను. ఆ తర్వాత మీ కొట్టుకి ఎవరొస్తారు?"

"ఇయ్యుండ్రి. ఎవరొస్తరో నేను చూసుకుంట."

మూర్తి అన్నంత పనీ చేశాడు. సౌభాగ్యమ్మ రెండు మడుల మొక్కలనూ మట్టితో సహా తవ్వించి, కుండీల్లో పెట్టించి, రిక్షాలో అబిడ్స్‌కు తెచ్చి దుకాణం గుమ్మానికి చెరో వైపు నిలబెట్టింది. విరిగినవాటి మీద అట్టముక్క కట్టి మందు పేరు పెద్దక్షరాలతో రాసింది. గిరాకీ ఇంకా పడిపోయింది. ఆమెకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. కానీ కుండీలు మాత్రం తీయలేదు.

చివరికి మూర్తే వచ్చాడు. ఈసారి మర్యాద లేదు.

"ఆ అట్ట తీసెయ్యండి. లేదంటే కంపెనీ మిమ్మల్ని కోర్టుకి లాగుతుంది!"

బజారంతా వినేట్టు సౌభాగ్యమ్మ జవాబిచ్చింది.

"లాగమనుండ్రి! కుండీలు గాడికే తెస్త. జడ్జి సాబ్ ముందట మీరే వంచి చూపియ్యుండ్రి!"