నేల పగిలే చప్పుడు

బంగాళాదుంపల కోసం పెరట్లో నాచు గీకించింది నేనే. "మావ్రా, నేలకు ఆ నాచే దుప్పటి. లాగేస్తే కిందున్న మంచుగడ్డ కరుగుతుందే" అని మా ఆయన స్పిరిదోన్ మొత్తుకున్నాడు. నేను వింటేగా! మూడేళ్లు దుంపలు తిన్నాం. నాలుగో ఏడు పెరడు గుంటపడింది, ఇల్లు అటు ఒరిగింది. ఆ శరత్తులోనే ఆయన పోయాడు. లేనా నది ఇవతల మా ఊళ్లో మిగతా ఇళ్లూ కుంగుతుంటే, జనం తమ దుంగల ఇళ్లు విప్పుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మొన్న వసంతంలో మా మరిది యెగోర్ వచ్చాడు.

"మొండికేయకు వదినా. ట్రాక్టర్ తెస్తా, ఇల్లు విప్పి మా ఊరు పట్టుకుపోదాం."

"ఈ నేల చచ్చిందని ఎవడు చెప్పాడు నీకు?"

"అన్నయ్య పోయాక ఒక్క చలికాలమన్నా పగిలిందా?"

పగల్లేదు. బతికున్న నేలైతే గడ్డుచలికి పగలాలి. వసంతంలో ఆ పగులులోకి నీళ్లు దిగి గడ్డకట్టాలి. ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున, తాతల తాతలకు ముందునుంచీ, నిలువెత్తు మంచుగడ్డ అలాగే పెరిగింది. మా నేలమాళిగ గోడ అదే. దాని నిలువు చారలను నడిమధ్య నుంచి లెక్కపెట్టి, "ఇదిగో, మన పెళ్లేడు" అనేవాడు స్పిరిదోన్. ఏడాది తేడా వచ్చిందన్నా ఒప్పుకునేవాడు కాదు.

"జనవరి ఆఖరుకి పగలకపోతే వస్తాను, పో" అన్నాను యెగోర్‌తో.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది మోస్తేగానీ పోయేలా లేదు. వేసవంతా అడవి నుంచి నాచు మోసి పెరడు కప్పాను. చలికాలం మంచు పడ్డప్పుడల్లా పారతో తోసేశాను. అది కప్పుకుంటే చలి నేలలోకి దిగదు. నడుము విరిగింది.

జనవరి ఆఖరి రోజు మధ్యాహ్నం టీ కాస్తుంటే కాళ్ల కింద ఢామ్మంది. గిన్నెలు గలగలలాడాయి.

"ఏమయ్యా, విన్నావా?" అంటూ వెనక్కి తిరిగాను.

మంచం ఖాళీగా ఉంది.

బయటికి పరుగెత్తాను. పెరడు నడుమ సన్నటి గీత. ఊళ్లో ఒక్క పొగగొట్టంలోనూ పొగ లేదు. ఎవరికని చెప్పను? యెగోర్‌కు ఫోన్ చేశాను.

"పగిలింది."

"అయితే గెలిచావు వదినా. ఇక నేను రానక్కర్లేదు" అన్నాడు తేలిగ్గా.

"టీ తాగడానికైనా రారాదూ" అన్నాను. అప్పటికే అతను ఫోన్ పెట్టేశాడు.